రేపు ఎప్పుడొస్తుంది? చిన్నపిల్లల సర్కిల్ టైం, క్యాలెండర్ పాఠాల మీద దివిసీమ నుంచి ఒక సమీక్ష

అంగన్‌వాడీలో అయినా, ప్రైవేటు బడి ఎల్‌కేజీలో అయినా పొద్దున జరిగే పని దాదాపు ఒకటే. పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెడతారు. దండం పెట్టిస్తారు, హాజరు వేస్తారు. తర్వాత టీచరు గోడమీది చార్టు దగ్గర నిలబడి ఈరోజు ఏ వారం, ఏ తేదీ, ఏ నెల, నిన్న ఏ వారం, రేపు ఏ వారం అని అడుగుతుంది. ఇద్దరు ముగ్గురు చురుకైనవాళ్ళు చెబుతారు, మిగిలినవాళ్ళు వాళ్ళ వెనకే అంటారు. చివర్లో ఎండా, మబ్బా, వానా అని అట్టముక్క మీద ముల్లు తిప్పుతారు. ఇంతటినీ కలిపి ఇప్పుడు సర్కిల్ టైం అంటున్నారు. ఈ ఇరవై నిమిషాల్లో మూడేళ్ళ, నాలుగేళ్ళ పిల్లలకు ఏం దక్కుతోంది? వాళ్ళు తమంతట తాము వచ్చి కూర్చునేలా దీన్ని ఎలా మార్చాలి? ఈ ప్రశ్న మీద దేశంలోనూ బయటా చాలామంది పనిచేశారు. వాళ్ళు తేల్చినవాటిని హంసలదీవి చుట్టుపక్కల పిల్లల రోజువారీ బతుకుతో కలిపి చూడాలన్నది ఇక్కడ నా ప్రయత్నం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. గుండ్రంగా కూర్చోవడం మంచి అలవాటు, దాన్ని నిలుపుకోవాలి. తేదీల చార్టును అయిదేళ్ళలోపు పిల్లలకు పాఠంగా చెప్పడం మాత్రం మానేయవచ్చు. ఆ చోట పిల్లలు తమ కళ్ళతో చూసిన రోజుల లెక్క రావాలి. అందుకు కావలసిన సరుకు, కృష్ణమ్మ సముద్రంలో కలిసే ఈ మూలన, ఏడాది పొడుగునా దొరుకుతుంది.

పిల్లల చదువులో ఈ వలయం కొత్తది కాదు. జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో బాద్ బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల కోసం సంస్థ పెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడే ఆటలు ఆయన పద్ధతిలో ముఖ్యమైన భాగం. మారియా మాంటిస్సోరి బడిలో నేలమీద గీత గీసి దానిమీద పిల్లల్ని నడిపించేవారు. ఆమె 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఈ ఇద్దరి దగ్గరా పిల్లల కాళ్ళూ చేతులూ కదిలాయి. కదలకుండా కూర్చుని జవాబు చెప్పడం ఆ మూలంలో లేదు.

మన దేశంలో గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం తెరిచారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్, తర్వాత అనుతాయి వాఘ్‌తో కలిసి మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో, 1957 నుంచి కోస్‌బాడ్‌లో ఆదివాసీ పిల్లల మధ్య బాలవాడీలు నడిపారు. పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ళ వాకిట్లోకి వెళ్ళాలన్నది తారాబాయి పట్టుదల. అలా వాకిట్లో నడిచినదాన్నే అంగన్ బాలవాడీ అన్నారు. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్ పథకపు అంగన్‌వాడీ కేంద్రాలు ఈనాటికీ ఆ వాకిటి పేరునే మోస్తున్నాయి. తెలుగునాట న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా బాలానందం కార్యక్రమంలో ఆటా పాటా కథా కలిపి పిల్లల నోటికే మైకు ఇచ్చారు. ఇందరూ నేర్పిన సంగతి ఒకటే, పిల్ల చుట్టూ ఉన్న లోకంతో మొదలుపెట్టాలని. మన సర్కిల్ టైంలో చార్టు ముందుకు వచ్చి, ఆ లోకం వెనక్కి వెళ్ళిపోయింది.

క్యాలెండర్ మీద గట్టి చర్చ అమెరికాలో జరిగింది. 2008లో శాలీ బెనెకె, మిషలీన్ ఆస్ట్రోస్కీ, లిలియన్ కాట్జ్ అనే ముగ్గురు 'యంగ్ చిల్డ్రన్' పత్రికలో ఒక వ్యాసం రాశారు. టీచర్ల ఉద్దేశం మంచిదే అయినా, రోజూ క్యాలెండర్ ముందు గడిపే సమయం చిన్నపిల్లలకు అందడం లేదని వాళ్ళ వాదన. దానికి ఆధారం విలియం ఫ్రీడ్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి చేసిన పరిశోధన. సోమవారం, మంగళవారం, బుధవారం అని వరసగా అప్పజెప్పడం ఒక శక్తి. ఈరోజు నుంచి చూస్తే ఆదివారం దగ్గరా, గురువారం దగ్గరా అని చెప్పగలగడం పూర్తిగా వేరే శక్తి. మొదటిది నాలుగేళ్ళకే పాటలా వస్తుంది. రెండోది బడి చదువు మొదలైన కొన్నేళ్ళకు గానీ కుదరదు. నెలల పేర్లను వెనక్కి లెక్కించి చెప్పమంటే పదేళ్ళ పిల్లలు కూడా తడబడతారు. నాలుగేళ్ళ పాప "నిన్న ఆదివారం, రేపు మంగళవారం" అని తప్పులేకుండా చెప్పి, ఇంటికి వెళ్ళి "అమ్మా, నిన్న తాతయ్య దగ్గరికి వెళ్దామా?" అని అడుగుతుంది. ఆ పాప అబద్ధం చెప్పడం లేదు, మరిచిపోనూ లేదు. నోటికి వచ్చినది ఇంకా మనసుకు చేరలేదు.

అంకెల సంగతి కూడా ఇంతే. ఎలిజబెత్ ఎథ్రిడ్జ్, జేమ్స్ కింగ్ 2005లో క్యాలెండర్ లెక్కల మీద ఇలాంటి ప్రశ్నలే లేవనెత్తారు. వాళ్ళని పక్కన పెట్టి మన గోడమీది నెలనే చూడండి. ఒకటో తేదీ ఏ గళ్ళోనైనా రావచ్చు, దానికి ముందు కొన్ని గళ్ళు ఖాళీ. ఏడు గళ్ళు కాగానే లెక్క కింది వరసకు దిగిపోతుంది. కొన్ని నెలలు ముప్పైతో ఆగుతాయి, కొన్ని ముప్పై ఒకటితో. అయిదు వేళ్ళ మీద, పది గవ్వల మీద లెక్క నేర్చుకుంటున్న బిడ్డకు ఇంత గజిబిజి పట్టిక ఏ సాయమూ చేయదు. పైగా ఒకడు చార్టు దగ్గర అంకె వెతుకుతుంటే మిగతా ఇరవై మంది ఊరికే కూర్చుని ఉంటారు. పక్కవాణ్ణి గిల్లడం మొదలయ్యేది సరిగ్గా అక్కడే. దాన్ని అల్లరి అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అవతలి పక్షం మాట కూడా వినాలి. రోజూ ఒకే వరసలో జరిగే పని పిల్లలకు ధైర్యాన్నిస్తుంది, తర్వాత ఏం జరుగుతుందో తెలిస్తే ఏడుపు తగ్గుతుంది అని అనుభవం ఉన్న టీచర్లు చెబుతారు. అది నిజం. వారాల పేర్లు పాటగా వస్తే పెద్దబడిలో చేరినప్పుడు తడుముకోరు, అదీ నిజమే. గుడివాడ, బందరు లాంటి పట్టణాల్లో ఫీజు కట్టే తల్లిదండ్రులు బిడ్డ ఇంగ్లీషులో వారాల పేర్లు చెబితే సంబరపడతారు, ఆ సంబరాన్ని తక్కువ చేయనక్కర్లేదు. అందుకు ఒక్క నిమిషం పాట చాలు. వాదన పాటతో కాదు, ఆ తర్వాత పావుగంట సాగే ప్రశ్నల పరీక్షతో.

వారాలు మనసుకు ఎక్కాలంటే వాటికి రుచీ వాసనా ఉండాలి. మన ఇళ్ళలో అవి ఉన్నాయి. చాలా ఇళ్ళలో శనివారం నీచు వండరు, ఆదివారం కోడికూర. అంగన్‌వాడీ గోడ మీద ఏ రోజు ఏ కూరో రాసి ఉంటుంది. ఈరోజు పప్పా, సాంబారా, రేపేం వండుతారు అని అడిగి, ఆ కూర బొమ్మను ఆ రోజు పక్కన తగిలిస్తే బిడ్డకు రేపు అనేది కడుపుతో అర్థమవుతుంది. కేథరిన్ నెల్సన్ అనే పరిశోధకురాలు ఈ దారిలోనే చాలా పని చేసింది. మూడేళ్ళ పిల్లలు కూడా తమకు అలవాటైన పనులను, అంటే భోజనం, స్నానం, బజారుకు పోవడం లాంటివాటిని, వరస తప్పకుండా చెప్పగలరని ఆమె గమనించింది. జరిగిన పనుల వరస వాళ్ళకు ముందు వస్తుంది, తేదీల వరస చాలా తర్వాత. దివిసీమలో పెద్దలూ అలాగే లెక్క చెబుతారు. 1977 నవంబరు 19 అనే తేదీ కంటే ముందు "ఉప్పెన" అంటారు. ఉప్పెనకు ముందు పుట్టాడా, తర్వాత పుట్టాడా అన్నదే వయసు లెక్క.

ఇటీవలి ప్రభుత్వ పత్రాలు ఈ విషయంలో సరైన దిక్కుకే నడుస్తున్నాయి. 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకు ఆటే చదువని చెప్పి, గుండ్రంగా కూర్చుని మాట్లాడుకోవడానికి రోజులో చోటు ఇచ్చింది. 2023 మేలో 'పోషణ్ భీ పఢాయీ భీ' (పోషణా, చదువూ) కార్యక్రమం మొదలైంది. 2024 మార్చిలో అంగన్‌వాడీల కోసం 'ఆధార్‌శిల' అనే పాఠ్యప్రణాళిక వచ్చింది. అందులో 48 వారాల ప్రణాళిక ఉంది. 4 వారాలు పిల్లల్ని అలవాటు చేయడానికి, 36 వారాలు ఆటకూ అన్వేషణకూ, 8 వారాలు తిరిగి చూసుకోవడానికి. 130కి పైగా కృత్యాలు ఇచ్చారు. మొదటి నాలుగు వారాలు చదువు పేరెత్తకుండా అలవాటుకే కేటాయించడం నాకు బాగా నచ్చిన సంగతి. కానీ దేశమంతటికీ ఒకటే అయిన 48 వారాల పట్టికకు పాలకాయతిప్ప దగ్గర పడవలు ఎప్పుడు ఒడ్డెక్కుతాయో తెలియదు. అది టీచరుకు పనికొచ్చే క్యాలెండర్. పిల్లల క్యాలెండర్ ఊళ్ళోనే తయారు కావాలి.

అది గళ్ళ పట్టికగా కాక తాడుగా ఉండాలని నా సలహా. ఎలెనా బొద్రోవా, డెబొరా లియోంగ్ అనే పరిశోధకులు చిన్నపిల్లల చదువుకు రూపొందించిన పద్ధతిలో కూడా రోజులు ఒకే గీత మీద వరసగా సాగుతాయి. గోడకు ఈ చివర నుంచి ఆ చివరకు, పిల్లల చేతికి అందే ఎత్తులో ఒక తాడు. రోజుకో అట్టముక్క, దాన్ని పట్టి ఉంచే బట్టల క్లిప్పు. అట్ట మీద ఆ రోజు జరిగినదాని బొమ్మ, పిల్లలు గీసిందే. అయిపోయిన రోజులు తాడు మీదే ఉండిపోతాయి, వేలుపెట్టి చూపించవచ్చు. రాబోయే రోజుల చోట ఖాళీ క్లిప్పులు. చిన్నవాళ్ళకు ఒక వారం తాడు చాలు. అయిదేళ్ళవాళ్ళు ఉంటే రెండు వారాలు.

ఆ అట్టల మీదికి ఏమెక్కుతుంది? ఇక్కడ చెప్పుకోవడానికి చాలా ఉంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా 61 రోజులు మరపడవల వేట నిషేధం. పల్లెకారుల పిల్లలకు ఆ నిషేధం ఉత్తర్వుగా తెలియదు. నాన్న ఇంట్లోనే ఉండి వల బాగుచేసే రోజులుగా తెలుసు. మళ్ళీ వేటకు పోయే ముందు పడవకు రంగులేస్తారు, పూజ చేస్తారు. ఆ రోజు కోసం చివరి అయిదు రోజులూ రోజుకో క్లిప్పు తీసేస్తూ ఎదురుచూడటం అంటే కాలాన్ని లెక్కించడమే. డెల్టా రైతుల పిల్లలకు ఏడాది మరోలా నడుస్తుంది. ప్రకాశం బ్యారేజీ నుంచి వదిలిన నీళ్ళు కోడూరు, నాగాయలంక శివారు కాలవలకు అందరికంటే ఆలస్యంగా చేరతాయి. కాలవకు నీళ్ళొచ్చిన రోజు పిల్లలందరూ గట్టు మీదే ఉంటారు. తర్వాత నారుమళ్ళు, నాట్లు, నవంబరు డిసెంబరుల్లో కోతలు, కుప్పలు, సంక్రాంతి. వరి కోయకముందే చేలో మినుములు చల్లడం ఈ ప్రాంతపు పద్ధతి.

ఈ మినుములే చిన్నపిల్లల కాలానికి సరిగ్గా సరిపోయిన కొలత. గుప్పెడు మినుములు నానబోసి కొబ్బరిచిప్పలో తడి మన్ను మీద వేస్తే మర్నాటికి ఉబ్బుతాయి, ఒకటి రెండు రోజుల్లో మొలక కనిపిస్తుంది, వారం తిరిగేసరికి ఆకు విప్పుతుంది. ప్రతిరోజూ మార్పు ఉంటుంది. మొదటి రోజు అట్ట నుంచి ఆకు విప్పిన రోజు అట్ట వరకు తాడు మీద వేలుపెట్టి నడిపించి, "మొలక ఎప్పుడొచ్చింది, చిన్నీ?" అని అడిగితే బిడ్డ వెతికి చూపిస్తుంది. నిన్న, మొన్న అనే మాటలు అప్పుడు చేతికి దొరుకుతాయి.

అన్నీ ఇలా సరిపోవు. ఉదాహరణకు తాబేళ్ళు. చలికాలం నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. అటవీశాఖ ఆ గుడ్లను ఏరి సంరక్షణ కేంద్రాల్లో ఉంచి, పిల్లలు బయటికి రాగానే సముద్రంలోకి వదులుతుంది. గుడ్డు పెట్టినప్పటి నుంచి పిల్ల రావడానికి సుమారు 45 నుంచి 60 రోజులు పడుతుంది. మూడేళ్ళ బిడ్డకు అది అంతులేని కాలం. మొదటి రోజు నుంచి లెక్కపెట్టిస్తే వారానికే విసుగు పుడుతుంది. తాబేలు పిల్లల్ని చూసి వచ్చిన మర్నాడు వలయంలో పెట్టుకునే కబురుగా మాత్రం దానికి సాటి లేదు. నేల మీద పాకి చూపించమంటే అందరూ తాబేళ్ళవుతారు. మాఘ పౌర్ణమికి హంసలదీవి వేణుగోపాలస్వామి తిరునాళ్ళా, సాగర సంగమ స్నానాలూ కూడా అలాగే. ముందు వారం రోజుల ఎదురుచూపు, తర్వాత వారం రోజుల కబుర్లు. బొమ్మల దుకాణాలు, జీళ్ళు, జనం, తప్పిపోయి దొరికిన తమ్ముడు, అన్నీ మాటల్లోకి వస్తాయి.

తాడు మీదికి చంద్రుణ్ణి కూడా ఎక్కించవచ్చు, అయితే ఒక మెలకువ చెప్పాలి. చంద్రుణ్ణి రాత్రి ఇంటి దగ్గర చూసి రమ్మంటారు. వెన్నెల రోజుల్లో అది కుదురుతుంది. పౌర్ణమి దాటాక చంద్రుడు ఆలస్యంగా పొడుస్తాడు, అప్పటికి పిల్లలు నిద్రపోతారు. కానీ బహుళ పంచమి నుంచి దశమి దాకా పొద్దున తొమ్మిది గంటలకు చంద్రుడు పడమటి వైపు ఆకాశంలోనే ఉంటాడు. మబ్బు లేకపోతే పిల్లల్ని వాకిట్లోకి తీసుకువెళ్ళి అక్కడే చూపించవచ్చు. రోజూ చూసినది చూసినట్టు గీస్తే తరుగుతున్న చంద్రుడి వరస తాడు మీద తయారవుతుంది. పోటు, అమావాస్య మాటలు ఇంట్లో వినే పిల్లలకు ఈ బొమ్మలు త్వరగా పలుకుతాయి.

వాతావరణం అట్టముక్క మీది ముల్లును కూడా వాకిట్లోకే పంపాలి. రోజుకో బిడ్డ బయటికి వెళ్ళి మబ్బు చూసి, కొబ్బరిమట్టలు ఎటు ఊగుతున్నాయో చూసి వచ్చి చెప్పాలి. గాలి ఎటు నుంచి వస్తోందో ఇక్కడి పెద్దలకు బువ్వ విషయం. పిల్లలు ఆ మాటలు వింటూనే పెరుగుతారు. తుఫాను రోజుల్లో ఈ వలయానికి ఇంకో పని ఉంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి ఎన్నోచోట్ల నీళ్ళపాలైంది. అలాంటి వారంలో కేంద్రం మళ్ళీ తెరిచిన రోజు తేదీ అడగడం క్రూరంగా ఉంటుంది. చీకట్లో గాలి చప్పుడు ఎలా ఉందో, ఎవరింట్లో పడుకున్నారో చెప్పనివ్వాలి, గీయనివ్వాలి. భయాన్ని మాటల్లో పెట్టడం ఆ వయసులో నేర్చుకోదగిన గొప్ప సంగతి.

ఇక వలయాన్ని నడిపే తీరు. మూడేళ్ళవాళ్ళతో ఒక విడతకు పది నిమిషాలు మించకూడదన్నది నా లెక్క. పొద్దున ఒకసారి, ఇంటికి పోయే ముందు ఒకసారి కూర్చుంటే సరిపోతుంది. రెండోసారి కూర్చున్నప్పుడే ఆ రోజు అట్ట మీద ఏం గీయాలో పిల్లలు తేలుస్తారు. కూర్చోబెట్టే ముందు కదిలించాలి. ఒప్పులకుప్ప, చెమ్మచెక్క, వీరీవీరీ గుమ్మడిపండు, గుడుగుడుగుంచం ఎప్పటినుంచో మన ముంగిళ్ళలో ఉన్న ఆటలే, వీటికి కొనవలసింది ఏమీ లేదు. ఆ తర్వాత మాటలు. ఇరవై మంది ఒకరి తర్వాత ఒకరు చెప్పాలంటే పంతొమ్మిది మంది ఎదురుచూడాలి. బొద్రోవా, లియోంగ్ పద్ధతిలో పక్కవాళ్ళతో జతలుగా మాట్లాడుకోమంటారు, ఆ తర్వాత ఒకరిద్దరు మాత్రం అందరికీ చెబితే చాలు. మన అంగన్‌వాడీలో మూడేళ్ళ పిల్ల పక్కన అయిదేళ్ళ అన్నయ్యో అక్కయ్యో కూర్చుంటారు కాబట్టి ఇది ఇంకా తేలిక.

ప్రశ్న కూడా మారాలి. ఒకే జవాబున్న ప్రశ్న చురుకైన ఇద్దరికే పనికొస్తుంది. "ఏరా నాన్నా, పొద్దున వస్తా ఏం చూశావు?" అని అడిగితే ఎవడి జవాబు వాడిది. "మా నాన్న పీతలు తెచ్చాడు" అన్న బిడ్డకు వెంటనే అంకెల పాఠం తగిలించకుండా, ఎట్టా తెచ్చాడు, బతికున్నాయా, కొరికాయా అని కబురు పెంచాలి. అంకె దానంతటదే వస్తుంది. ఇంటి యాస దిద్దే చోటు కూడా ఇది కాదు. యానాది కుటుంబాల పిల్లలు పెద్దల వెంట వేటకూ పనికీ వెళ్ళి కొన్నాళ్ళు కనిపించకుండా పోతుంటారు. తాడు దగ్గర వాళ్ళ పేరు, బొమ్మ ఉన్న అట్ట అలాగే ఉంచి, తిరిగి వచ్చిన రోజు మొదటి కబురు వాళ్ళనే అడగాలి. హాజరు పట్టీలో గైర్హాజరుగా పడిన ఆ రోజుల్లో వాళ్ళు చూసినది మిగతావాళ్ళు చూసి ఉండరు.

వీటన్నిటికీ ఒక అడ్డంకి ఉంది, అది పిల్లల దగ్గర లేదు. 2021లో పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చాక టీచరు చేతిలో ఫోను నిలిచిపోయింది. హాజరు, బరువు, ఎత్తు, సరుకులు, ఫోటోలు, అన్నీ దాంట్లోనే పైకి పంపాలి. 2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో అంగన్‌వాడీ కార్యకర్తలు 42 రోజులు సమ్మె చేశారు. జీతం, గ్రాట్యుటీ వాళ్ళ ప్రధాన కోరికలు. పని భారం మాట కూడా ఆ ఆవేదనలో ఉంది. రోజుకు పది నిమిషాలు రెండుసార్లు ఫోను ముట్టుకోకుండా పిల్లల మధ్య కూర్చునే హక్కు టీచరుకు లేకపోతే ఏ పాఠ్యప్రణాళికా నిలవదు. ఆ సమయంలో హాజరు అడగకపోవడం అధికారులు చేయగలిగిన, పైసా ఖర్చు లేని సంస్కరణ.

నెలనెలా జరిగే అంగన్‌వాడీ టీచర్ల సెక్టార్ మీటింగులో ఒక గంట ఈ పనికి తీసుకోవచ్చు. ఒక్కో టీచరు తన ఊళ్ళో పిల్లలు నిజంగా గమనించే సంగతులు నెలవారీగా రాసుకొస్తే పన్నెండు నెలల జాబితా తయారవుతుంది. కోడూరు తీరపు పల్లె జాబితాలో పడవలు, పీతలు, తిరునాళ్ళ ఉంటాయి. పెడన టీచరు జాబితాలో కలంకారీ గుడ్డలు ఎండబెట్టే రోజులు ఉంటాయి, పాత అచ్చుదిమ్మె దొరికితే అట్టల మీద ముద్రలు కూడా పిల్లలే వేస్తారు. గుడివాడ వైపు లోపలి ఊళ్ళలో వేట నిషేధం అక్కర్లేదు. అక్కడ చేపల చెరువు పట్టే రోజు, మంచు లారీలు వచ్చే రోజు, చెరువు ఎండగట్టే రోజు రాసుకోవాలి.